ట్యాంకు కింద కుర్చీ

మొదటి ఎన్నిక తర్వాత

రాజధాని
జూన్ 14

అక్కా,

నీ తమ్ముడు శాసనసభలో కూర్చున్నాడు. నమ్మకం కలగకపోతే నీ చెయ్యి నువ్వే ఒకసారి గిల్లి చూసుకో. నేనిక్కడ గిల్లుకుని గిల్లుకుని చర్మం ఎర్రగా కందిపోయింది.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను, నవ్వుకో. నాకిచ్చిన సీటు ఎడమ పక్క గోడకి ఆనుకుని ఉంది. అంటే మాట్లాడేవాళ్ళందరూ నాకు కుడి వైపే. నా కుడి చెవి సంగతి నీకు తెలియనిది కాదుగా. మొదటి రోజు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వెనక వరసలో వాళ్ళు బల్ల చరిస్తే నేనూ చరిచాను. తీరా అడిగితే, ఆ జోకు నా మీదేనట! "కుర్చీ గుర్తు మీద గెలిచినాయన కుర్చీలో సరిగ్గా కూర్చోవడం కూడా నేర్చుకోవాలి" అన్నాడట ఎవరో మంత్రి. నన్ను తిట్టిన దానికి నేనే అందరికంటే గట్టిగా చరిచాను. ఆయన చాలా సంతోషించి టీ తాగడానికి పిలిచాడు.

అక్కా, ఈ చెవి సంగతి మాత్రం మన ఇద్దరి మధ్యే ఉండాలి. జనం మాట వినపడని ఎమ్మెల్యే అని గోడల నిండా రాసేస్తారు. చిన్నప్పుడు నువ్వెప్పుడూ నా ఎడమ పక్కనే నడిచేదానివి చూడు, ఇక్కడ అలా నడిచేవాళ్ళు ఎవరూ లేరు.

ప్రచారం చివరి రోజు ఇంకా కళ్ళ ముందే ఉంది. నాన్న కుర్చీని నెత్తిన పెట్టుకుని నువ్వు ముందు, జీపులో నేను వెనక. నీ కుట్టు కొట్టు ముందు ఆ కుర్చీ దించి, నన్ను కూర్చోబెట్టి, గ్లాసుడు నీళ్ళిచ్చి, "తాగి మాట్లాడు, గొంతు కాకి గొంతయిపోయింది" అన్నావు. జనం పడీ పడీ నవ్వారు. నేను గెలిచింది సరిగ్గా అక్కడే. ఇక ఎన్ని ఎన్నికలొచ్చినా ఆఖరి సభ నీ వీధిలోనే, ఆ కుర్చీలోనే, నీ చేతి నీళ్ళు తాగాకే. ఇది మాత్రం మార్చను. మూఢనమ్మకం అంటే అనుకో.

నీ తమ్ముడు

---

జూన్ 22

ఒరేయ్ తమ్ముడూ,

ఎమ్మెల్యే గారూ అని రాద్దామని కలం పట్టుకున్నాను, చెయ్యి రాలేదు. పాలు తాగనని మారాం చేసినవాణ్ణి గారూ అని ఎలా పిలవనురా?

ఇక్కడ నా కొట్టు కొట్టులా లేదు. పొద్దున్న షట్టర్ ఎత్తేసరికి అర్జీలు పట్టుకుని జనం. ఒకాయనకి పెన్షను రావాలి, ఒకావిడ మొగుడు బదిలీ అవ్వాలి. ఒక పెద్దమనిషి జాకెట్టు గుడ్డ తెచ్చి కొలతలిచ్చినట్టే ఇచ్చి, చివర్లో నెమ్మదిగా కొడుకు ఉద్యోగం సంగతి ఎత్తాడు. జాకెట్టు ఎవరికయ్యా అంటే తెల్లమొహం వేశాడు. ఆయనకి పెళ్ళామే లేదట.

నాకోసం ఏమీ అడగను గానీ వీధి కోసం ఒక్కటి అడుగుతాను. నీళ్ళు. లారీ వచ్చినప్పుడు బిందెలతో కొట్టుకుంటున్నారు. మొన్న ఎదురింటి ముసలమ్మకి నుదురు చిట్లింది. నా కొట్టు ఎదురుగా ఖాళీ జాగా ఉంది కదా, అక్కడో పెద్ద ట్యాంకు కట్టించు. నువ్వు ఇంకేం చేసినా చేయకపోయినా ఆ ట్యాంకు చూసినప్పుడల్లా జనం నిన్ను తలుచుకుంటారు.

కుర్చీ ఎడమ చెయ్యి ఊడితే తాడుతో బిగించి కట్టాను. భద్రంగా ఉంది.

చెవి ఎలా ఉంది? వానాకాలం వస్తోంది, చీము పడితే అశ్రద్ధ చేయకు. చిన్నప్పుడు నిన్ను వీపున వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన ఓపిక ఇప్పుడు నాకు లేదు, నువ్వూ వీపున వేసుకునే బరువు లేవు.

అక్క

---

రెండో ఎన్నిక తర్వాత

రాజధాని
మే 30

అక్కా,

మళ్ళీ గెలిచాం! నీ గ్లాసు మహిమ అని నేనంటే మన పార్టీ పెద్దాయన నవ్వుతాడు గానీ, లోపల ఆయనా నమ్ముతున్నాడు. "వచ్చేసారి నాక్కూడా ఒక గ్లాసు ఇప్పించవయ్యా" అన్నాడు.

మొదటి అయిదేళ్ళూ ప్రతిపక్షంలో నోరు నొప్పెట్టేలా అరవడానికే సరిపోయింది. ఈసారి మన పార్టీ ప్రభుత్వంలో ఉంది. నీ ట్యాంకు మంజూరయింది. ప్రచారంలో మాటిచ్చాను, నిలబెట్టుకుంటాను. మనకి జీపులిచ్చి తిప్పిన కాంట్రాక్టరుకే పని అప్పగించాం. మనవాడు, నమ్మకస్తుడు.

ఇంకో కబురు. నాకిప్పుడు సెక్రటరీ ఉన్నాడు. టైపు మిషను ముందు కూర్చుంటే అతని వేళ్ళు కనపడవు. రోజుకి మూడు బస్తాల ఉత్తరాలు వస్తాయి మరి. నీకు మాత్రం నేనే రాస్తాను, బెంగ పెట్టుకోకు.

చెవి అలాగే ఉంది. సీటు మార్పించుకున్నాను, ఇప్పుడు కుడి పక్కన గోడ ఉంది. గోడ మాట వినకపోయినా ఎవరూ ఏమీ అనరు.

నీ తమ్ముడు

---

ఆగస్టు 9

ఒరేయ్ తమ్ముడూ,

పని మొదలయిన దగ్గర్నుంచీ నాకు వినోదమే వినోదం. మిషను తొక్కుతూ అంతా చూస్తున్నాను. గోతులు తవ్వారు, ఇనుప చువ్వలు లేచాయి. అంతా బాగుంది, నిన్నటి దాకా.

నిన్న ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. అలాంటి వానలో ఎవరైనా స్తంభాలు పోస్తారా? పోశారు! నా కొట్టు వైపున్న రెండు స్తంభాలూ. కలిపిన సిమెంటు కళ్ళ ముందే పలచబడి మట్టిలోకి కారిపోతోంది. మేస్త్రీ ఆపుదామని బతిమాలాడు. కాంట్రాక్టరు మనిషి గొడుగు కింద నిలబడి, "మంత్రిగారు వచ్చేలోపు స్తంభాలు లేవాలని ఎమ్మెల్యే గారి ఆర్డరు. పోయండి, పోయండి" అని ఒకటే కేకలు. నేను వెళ్ళి ఎమ్మెల్యే అక్కనని చెప్పాను. "అయితే మీకు ఇంకా తొందర ఉండాలి కదమ్మా" అని నవ్వాడు.

నువ్వు అలా చెప్పి ఉండవు, నాకు తెలుసు. నీ పేరు చెప్పుకుని వాళ్ళ ఇష్టారాజ్యం చేస్తున్నారు. ఆ రెండు స్తంభాలూ తీసేయించి మళ్ళీ పోయించు. మంత్రిగారు ఇంకో నెల ఆగి వస్తే కొంప మునిగిపోదు.

చెవి ఎలా ఉంది?

అక్క

---

శాసనసభ్యుని కార్యాలయం, రాజధాని
సెప్టెంబరు 2

గౌరవనీయులైన సోదరి గారికి నమస్కారములు.

తమరి లేఖ అందినది. తమరు ప్రస్తావించిన అంశమును సంబంధిత శాఖ దృష్టికి తీసుకువెళ్ళడమైనది. నిర్మాణ పనులు నిబంధనల మేరకు సంతృప్తికరముగా జరుగుతున్నట్లు శాఖ వారు తెలియజేసియున్నారు. ప్రజా సమస్యల పట్ల తమరు కనబరుస్తున్న ఆసక్తికి అభినందనలు.

ఇట్లు
శాసనసభ్యుడు

---

మూడో ఎన్నికకు ముందు

జనవరి 18

ఒరేయ్ తమ్ముడూ,

నాలుగేళ్ళ నుంచీ నాకు టైపు కొట్టిన ఉత్తరాలే వస్తున్నాయి. మొదట్లో నవ్వుకునేదాన్ని. వీధిలో వాళ్ళకి చదివి వినిపించేదాన్ని, "చూడండి, మా తమ్ముడు నన్ను సోదరి గారూ అంటున్నాడు" అని. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ప్రతి ఉత్తరంలోనూ నీ చెవి గురించి అడుగుతున్నాను, ఒక్కదానికీ జవాబు లేదు. నా ఉత్తరాలు నీ దాకా రావడం లేదురా. నీ టైపు బాబు తనే చదివి, తనే జవాబు కొట్టి, నీ సంతకం ముద్ర గుద్ది పారేస్తున్నాడు. నువ్వే చదివితే చెవి ఎలా ఉందో చెప్పకుండా ఉండవు.

ఓయ్ టైపు బాబూ, ఈ ముక్క నువ్వే చదువుతూ ఉంటే నీకే చెప్తున్నాను. ఈ ఉత్తరం మాత్రం ఆయన చేతిలో పెట్టు. నీకు పుణ్యముంటుంది.

తమ్ముడూ, ట్యాంకు పూర్తయింది. నీలం రంగు వేసి, పైన నీ బొమ్మ గీశారు. నవ్వుతున్నావు. నీళ్ళ శాఖలో ఒక ఇంజనీరమ్మ ఉంది, నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది. పోయిన వారం ట్యాంకులో సగానికి నీళ్ళు నింపి పరీక్ష చేశారు. ఆ రోజు ఆమె మొహంలో రక్తం లేదు. నా కొట్టులోకి వచ్చి కూర్చుని మంచినీళ్ళు అడిగింది. ఏమైందమ్మా అని అడిగితే చెప్పింది. వానలో పోసిన రెండు స్తంభాలూ బీటలిచ్చాయట. "సగం దాకా ఎలాగో మోస్తుందమ్మా. నిండా నింపితే మోయదు. రాతపూర్వకంగా ఇచ్చేశాను" అంది.

ఆ నీడలో కూరలమ్మే ఆడవాళ్ళు కూర్చుంటారు. బడి వదలగానే పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఇప్పుడు మిషను ఆపితే చాలు, స్తంభం మీద నుంచి చుక్క చుక్కా నీళ్ళు పడుతున్న చప్పుడు నాకు వినపడుతుంది. దాన్ని వింటూ కుట్టలేక రేడియో పెట్టుకుంటున్నాను.

దాన్ని ఖాళీ చేయించు. ఎన్నికలయ్యాక చూద్దాం అనకు.

చెవి ఎలా ఉంది?

అక్క

---

శాసనసభ్యుని కార్యాలయం, రాజధాని
ఫిబ్రవరి 11

గౌరవనీయులైన సోదరి గారికి నమస్కారములు.

తమరి లేఖ అందినది. మంచినీటి ట్యాంకు పటిష్ఠముగా ఉన్నట్లు ఉన్నత స్థాయి పరిశీలనలో నిర్ధారణ అయినది. నిరాధారమైన వదంతులు వ్యాపింపజేసిన ఇంజనీరును వేరొక చోటికి బదిలీ చేయడమైనది.

రానున్న ఎన్నికల ప్రచార ముగింపు సభ ఏప్రిల్ 26 సాయంత్రం నాలుగు గంటలకు సదరు ట్యాంకు ఆవరణలోనే జరుగును. ఆ రోజు ట్యాంకును పూర్తిగా నింపి, ప్రజల సమక్షంలో కుళాయి తిప్పి ప్రారంభించడం జరుగును. ఆనవాయితీ ప్రకారం తమరు కుర్చీతో హాజరై, ఆ కుళాయి నుండి పట్టిన మొదటి గ్లాసు నీటిని శాసనసభ్యుల వారికి అందించవలసినదిగా కోరడమైనది.

ఇట్లు
శాసనసభ్యుడు

---

ఏప్రిల్ 22

నాన్నా,

ఈ ఉత్తరం సెలూను ఆయనతో పంపుతున్నాను. నువ్వు ప్రచారానికి వచ్చి ఊరికి ఆ చివర గెస్ట్‌హౌసులో దిగావనీ, రోజూ పొద్దున్న నీకు గడ్డం గీయడానికి ఇతనే వస్తున్నాడనీ తెలిసింది. నీ మెడ మీద కత్తి పెట్టే మనిషిని మాత్రం నీ టైపు బాబు ఆపలేడు కదా. సబ్బు రాసేటప్పుడు నీ చేతిలో పెట్టమన్నాను.

నేను నీ కోసం ఎంత తిరిగానో నీకు తెలియదు. మందుల షాపు నుంచి ఫోను చేస్తే "సార్ మీటింగులో ఉన్నారు" అంటారు. పోయిన నెల రైలెక్కి రాజధాని వచ్చాను. మీ ఇంట్లో జనం కూర్చునే గదిలో పొద్దుటి నుంచీ దీపాలు పెట్టేదాకా కూర్చున్నాను. "సార్ ఊళ్ళో లేరు" అన్నాడు టైపు బాబు. మనిషి చూడ్డానికి బుద్ధిమంతుడే, నాకు టీ ఇప్పించాడు. కానీ నా కళ్ళలోకి చూసి మాట్లాడలేదు. మనసులో ఏదో పెట్టుకున్నాడు. వాడూ ఆ కాంట్రాక్టరూ కలిసి నిన్ను చీకట్లో ఉంచుతున్నారురా. ఏదైనా జరిగితే చెడ్డపేరు నీకే.

ఇంకొకటి. నీ మీద పోటీ చేస్తున్న టోపీ గుర్తు పెద్దమనిషి మొన్న నా కొట్టుకి వచ్చాడు. కోటు బొత్తాం ఊడిందన్నాడు. బొత్తాం కుడుతుంటే ట్యాంకు సంగతి కదిపాడు. "మీరు ఒక్క మాట చెప్పండి చాలు, రేపు పేపర్లో వేయిస్తాను" అన్నాడు. నోరు మూసుకుని బొత్తాం కుట్టి పంపేశాను. నిన్ను ఓడించడానికి నా నోరు వాడుకోనిస్తానా? నువ్వే ఆపాలి. నువ్వు ఆపితే నీకు మంచిపేరు వస్తుంది.

బీట ఇప్పుడు నా వేలు పట్టేంత అయింది. పైన నీ బొమ్మ గడ్డం దాకా తడి పాకింది. వీధిలో అందరికీ చెప్పాను. "మీ తమ్ముడు కట్టించిందే కదా, ఆయన్నే అడగండి" అని నవ్వేస్తున్నారు. నీళ్ళు వదిలే అతన్ని నింపొద్దని బతిమాలితే, "నా ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు.

నువ్వు ఒక్కసారి నీ చేత్తో జవాబు రాయి. నాకు ధైర్యం వస్తుంది.

చెవి ఎలా ఉంది?

అక్క

---

గెస్ట్‌హౌసు
ఏప్రిల్ 24

అక్కా,

ఇదిగో, నా చేత్తోనే రాస్తున్నాను.

నీ ఉత్తరాలన్నీ చదివాను. వానలో స్తంభాలు పోసిన ఉత్తరం చదివాను, ఇంజనీరమ్మ ఉత్తరం చదివాను. జవాబులన్నీ నేను చెప్తుంటేనే అతను కొట్టాడు. పాపం, అతన్ని తిట్టకు. "ఇది మీరే రాస్తే బాగుంటుంది సార్" అని రెండుసార్లు అన్నాడు కూడా. చెవి సంగతంటావా, టైపు కొట్టేవాడితో ఎలా చెప్పి రాయించను? ఎమ్మెల్యేకి ఒక చెవి లేదని ఊరంతా చెప్పుకోవాలా? అందుకే రాయించలేదు. దానికి నువ్వు ఇంత కథ అల్లుకుంటావనుకోలేదు.

నువ్వు రాజధాని వచ్చిన రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. లోపలి గది కర్టెను సందులోంచి నిన్ను చూశాను. ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చున్నావు. బయటికి వస్తే నువ్వు అడుగుతావు. అడిగితే నేను కాదనలేను. అందుకే రాలేదు.

వానలో పోయమన్నది నేనే. మంత్రిగారి తారీఖు మారదు, నేనేం చేయను? ఇప్పుడు ట్యాంకు బాగాలేదని ఒప్పుకుంటే ఏమవుతుందో ఆలోచించు. పదేళ్ళుగా నేను చేసిన పని ఏది అని అడిగితే వేలు పెట్టి చూపించడానికి అదొక్కటే ఉంది. ఈసారి గాలి మనవైపు లేదక్కా. ఇంటింటికీ తిరుగుతుంటే తలుపులు తీస్తున్నారు గానీ మొహాలు విప్పడం లేదు. ఓడిపోతే నేనేమవుతాను? దుకాణం పెట్టుకోనా? నాకు వేరే పని రాదు.

ఒక్క సాయంత్రం ఓపిక పట్టు. నాలుగే గంటలు. నింపుతారు, కుళాయి తిప్పుతాను, నువ్వు గ్లాసు ఇస్తావు, జనం చూస్తారు, అంతే. మర్నాడే ఖాళీ చేయిస్తాను. గెలిచాక నేనే దాన్ని పడగొట్టించి కొత్తది కట్టిస్తాను. పరీక్ష చేసినప్పుడు పడలేదు, ఇన్ని నెలలు పడలేదు, సరిగ్గా ఆ పూటే పడుతుందా?

టోపీ ఆయన నీ కొట్టుకి రావడం మా వాళ్ళందరూ చూశారు. బొత్తాం కోసమే వచ్చాడని నేను నమ్ముతాను. వాళ్ళు నమ్మడం లేదు. నువ్వు సభకి రాకపోతే ఎమ్మెల్యే అక్కే అవతలికి పోయిందంటారు. రెండుసార్లు నీ చేతి నీళ్ళు తాగి గెలిచాను. నువ్వు లేకపోతే ఓడిపోతాను. నాకు అది నమ్మకమో పిచ్చో తెలియదు, కానీ నువ్వు రావాలి.

చెవి అలాగే ఉంది.

నీ తమ్ముడు

---

ఏప్రిల్ 26, ఉదయం

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండు రోజుల నుంచీ దిండు కింద పెట్టుకున్నాను. ఎన్నిసార్లు చదివినా అవే మాటలు ఉన్నాయి.

నాకు ఏడుపొచ్చింది ఆ బీటల గురించి కాదురా. ఆ కర్టెను గురించి. నాలుగేళ్ళు ఆ టైపు బాబుని నానా మాటలూ అనుకున్నాను. నువ్వు మంచివాడివి, నీకు ఎవరూ చెప్పడం లేదు అని నాకు నేనే చెప్పుకున్నాను. నీకు చెప్పాలని కాళ్ళరిగేలా తిరిగాను. నువ్వు తెర వెనక నిలబడి వింటున్నావు. వినపడే చెవితోనే విన్నావు.

సరే. నేను వస్తానా రానా అన్నది కదా నీ బెంగ. వచ్చేశాను. ఈ ఉత్తరం ట్యాంకు కింద కూర్చునే రాస్తున్నాను. నాన్న కుర్చీ నెత్తిన పెట్టుకుని వీధిలోంచి నడిచి వచ్చాను, మొదటిసారి లాగానే. జనం చప్పట్లు కొట్టారు, సభకి తొందరపడి వచ్చేశాననుకుని. ఆ రెండు స్తంభాల మధ్య కుర్చీ వేసుకున్నాను. పక్కన గ్లాసు పెట్టుకున్నాను.

కూరలమ్మేవాళ్ళతో పెద్ద తగువు పెట్టుకుని వాళ్ళందర్నీ అవతలి వీధికి తోలేశాను. "ఎమ్మెల్యే అక్కకి పొగరెక్కింది" అని తిట్టుకుంటూ వెళ్ళారు, తిట్టుకోనీ. పిల్లల్ని బడి మాస్టారు ఇటు రానివ్వనన్నాడు. నీ వాళ్ళు వేదిక కట్టడానికి వస్తే, ఎమ్మెల్యే వచ్చేదాకా ఇక్కడ ఒక్క గుంజ కూడా పాతొద్దని గట్టిగా అరిచాను. నువ్వు చెప్పావేమోననుకుని దూరంగా వెళ్ళి నిలబడ్డారు. నీ పేరు చెప్పుకుని నేనూ ఒక పని చేయించుకున్నాను చూడు.

పొద్దున్న ఆరింటి నుంచీ పైకి నీళ్ళు ఎక్కుతున్నాయి. పైపు గుర్రుగుర్రుమంటోంది. ఇంకా ఎక్కుతూనే ఉన్నాయి.

నువ్వు నాలుగు గంటలన్నావు. ఆ నాలుగు గంటలేవో నా ఒక్కదానికే ఉండనీ. నువ్వు రా. ఒక్కడివే రా. జనం అందరూ వినేలా మైకులో చెప్పు, ఈ ట్యాంకు బాగాలేదు, ఎవరూ దగ్గరికి రావద్దు అని. చెప్పి నా చెయ్యి పట్టుకుని లేపు. అప్పుడు లేస్తాను. గ్లాసు కూడా ఇస్తాను, లారీ నీళ్ళతో. మరెవరు వచ్చి చెప్పినా లేవను. నీ టైపు బాబుని పంపినా, నీ డ్రైవర్ని పంపినా, పోలీసుల్ని పంపినా లేవను. ఉత్తరం పంపినా చదవను. నీ ఉత్తరాల మీద నాకు నమ్మకం పోయింది.

సెలూను ఆయన నిలబడి ఉన్నాడు, పరిగెత్తుకుని వెళ్తానంటున్నాడు. ఈసారి చెవి సంగతి అడగను.

అక్క

---

గెస్ట్‌హౌసు
ఏప్రిల్ 26, మధ్యాహ్నం

అక్కా,

నువ్వు గెలిచావు.

సెలూను ఆయన ఊరేగింపులు దాటుకుని ఆలస్యంగా చేరాడు, నీ ఉత్తరం గడ్డానికి సబ్బు నురగతోనే చదివాను. చదివి తుడుచుకోకుండా అలాగే హాల్లోకి వెళ్ళి చెప్పాను, సభ ట్యాంకు దగ్గర కాదు, బస్సు డిపో మైదానంలో అని. పార్టీ పెద్దాయన మండిపడ్డాడు. "ఆఖరి రోజు ఇలా చేస్తే పరువు పోతుంది" అన్నాడు. పోనీయండి అన్నాను. ఇంకా హాల్లోనే ఉన్నారు, అరుచుకుంటున్నారు. పక్కగదిలో కూర్చుని నీకు రాస్తున్నాను.

నేనే రావాలని రాశావు. నాకూ తెలుసు. కానీ ఇప్పుడు నేను లేచి వెళ్ళిపోతే వీళ్ళు నా వెనక సభ మళ్ళీ అక్కడికే మార్చేస్తారు. వీళ్ళ చేత కాగితం మీద సంతకాలు చేయించి పంపించేసరికి ఒక గంట పడుతుంది. గంటలో వస్తాను. మైకులో చెప్తాను. నువ్వు ఏం చెప్పమంటే అది చెప్తాను. ఓడిపోతే ఓడిపోతాను, నీ కొట్టులో బొత్తాలు కుట్టుకుంటాను, నేర్పిస్తావుగా?

నీళ్ళు ఆపించమని నీళ్ళ ఆఫీసుకి ఫోను చేస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు. అందరూ సభకే బయల్దేరి ఉంటారు. అందుకని డ్రైవర్ని పంపుతున్నాను. ముందు వాల్వు కట్టేయించి, తర్వాత ఈ ఉత్తరం నీ చేతికిమ్మని చెప్పాను. నువ్వు చదవనంటే పైకి చదివి వినిపించమన్నాను. అక్కా, పంతానికి పోకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, లేచి రోడ్డుకి అవతల నిలబడు. కుర్చీ అక్కడే వదిలెయ్. కుర్చీ పోతే పోయింది.

ఆ రోజు నేను కర్టెను వెనక నిలబడ్డప్పుడు నువ్వు ఒకసారి తలెత్తి అటే చూశావు. నన్ను చూసేశావనుకున్నాను. చూసి కూడా ఏమీ అనలేదేమో అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. గంటలో వచ్చి అడుగుతాను.

డ్రైవరు బండి తీస్తున్నాడు. గేటు దగ్గర ఊరేగింపు అడ్డం ఉందట, అది కదలగానే వస్తాడు.

ఇప్పుడే ఏదో పెద్ద చప్పుడయింది. అద్దాలు కదిలాయి. మన కుర్రాళ్ళు అప్పుడే టపాకాయలు మొదలెట్టినట్టున్నారు, వద్దన్నా వినరు. ఏ వైపు నుంచి వచ్చిందో నాకు తెలియలేదు. నువ్వు ఈసారి అడగలేదు గానీ అక్కా, చెవి ఇంకా అలాగే ఉంది.

నీ తమ్ముడు